ఖాళీ బుడగ

నవంబరు మూడో వారం. కౌటోకైనోలో
పదకొండింటికి తెల్లారినట్టే తెల్లారి
ఒంటిగంటకల్లా మాపటేళ అయిపోతుంది.
ట్యూబులైట్ల కింద ఐదో తరగతి.
పాఠ్యపుస్తకంలో మా సంగతి నాలుగున్నర వాక్యాలు:
"ఆ కాలంలో సామీ పిల్లలను బడి హాస్టళ్ళలో చేర్చి
నార్వే భాష నేర్పించారు."
నేర్పించారు. ఎంత మెత్తని క్రియాపదం!
ముల్లు తీసిన చేపలా గొంతు దిగిపోతుంది.

అందుకే బొమ్మల పుస్తకం తెప్పించాను.
ఇరవై రెండు కాపీలు.
బడి డబ్బు చాలక ఆరు నా జీతంలోంచి.

తల్లిదండ్రుల సమావేశంలో నిల్లాస్ వాళ్ళ నాన్న
మంచు కరుగుతున్న చేతితొడుగులు బల్లమీద పెట్టి
"చరిత్రంటే గళ్ళలో బొమ్మలా, టీచరుగారూ?
ఏడవాల్సిన వాటికి నవ్వు నేర్పుతారా?" అన్నాడు.
నాకు జవాబు దొరకలేదు.
ఆరో పేజీ తెరిచి ఆయన ముందుకు జరిపాను.

వరసగా ఇనప మంచాలు.
కిటికీ అవతల మంచు,
ఇవతల కొత్త నైట్‌గౌనులో ఏడేళ్ళ పిల్ల.
తర్వాతి గడి: పిల్ల లేచి కూర్చుంది.
తర్వాతి గడి: నోరు తెరిచింది.
తల పక్కన మాటల బుడగ.
బుడగలో ఏమీ లేదు.

అచ్చుతప్పు కాదు,
గీసినవాడు కావాలనే వదిలేశాడు.
నిల్లాస్ వాళ్ళ నాన్న చాలాసేపు పేజీ తిప్పలేదు.
తర్వాత తొడుగులు మరిచిపోయి వెళ్ళిపోయాడు.

పిల్లలతో అన్నాను:
ఈ పేజీ ఇంటికి పట్టుకెళ్ళండి,
పెద్దవాళ్ళనడిగి బుడగ నింపి తెండి.

తెచ్చారు.
"అమ్మా" అని తొమ్మిది మంది.
"ఇంటికి పోతా" అని నలుగురు.
ఒకడు ఒక బూతుమాట. దాన్ని నేను దిద్దలేదు.
ఒకటి ఖాళీగానే వచ్చింది, కాఫీ కప్పు మరకతో.

మారెత్ మాత్రం మూడు రోజులు తేలేదు.

వాళ్ళ అహ్కు, అంటే నాయనమ్మ,
భూతద్దం పెట్టుకుని చూసిందట.
ముందు బొమ్మలో తప్పులు పట్టిందట:
మంచానికి ఒక్కరు కాదు, ఇద్దరం.
దుప్పటి చారలు అడ్డంగా కాదు, నిలువుగా.
తలుపు పక్కన బకెట్ ఏదీ?
ఆ తర్వాత మాట్లాడలేదట,
పొయ్యిలో బిర్చ్ కట్టె కాలి విరిగేదాకా.

"దానికి దాహం వేసింది" అందట.
"నీళ్ళకి వాళ్ళ మాట దానికి రాదు.
మన మాట అక్కడ అనకూడదు.
నోరు తెరిచింది, మూసింది, పడుకుంది. అంతే."

రాయి అహ్కూ, అని పెన్సిల్ ఇస్తే
వేళ్ళమధ్య అటూ ఇటూ తిప్పిందట.
డెబ్భై తొమ్మిదేళ్ళు ఈ భాషలోనే
మంచుదుప్పుల్ని అదిలించింది, బేరాలాడింది,
మొగుణ్ణి తిట్టింది, ముగ్గురు బిడ్డల్ని జోకొట్టింది.
రాయడం ఎవరు నేర్పారని?
బడి పెట్టిన రాత వాళ్ళ భాషది.

అప్పుడు మారెత్ పక్కన చేరి
ఒక్కో అక్షరమే చెప్పిందట:
"మొదటిదానికి తలకట్టు పెట్టాలి అహ్కూ,
ఎగిరే పిట్టలా, చిన్నది,
లేకపోతే వేరే అక్షరమైపోతుంది."

ఆ కాగితం ఇప్పుడు నా బల్లమీద ఉంది.
చాహ్‌ట్సి.
నీళ్ళు.
అచ్చం ఏడేళ్ళ పిల్ల దస్తూరి.
బుడగ చాల్లేదు, చివరి అక్షరం గీత దాటి
రెండు గళ్ళ మధ్య తెల్లటి సందులోకి జారింది.
చెరిపి చెరిపి రాసినచోట కాగితం పల్చబడి
ట్యూబులైటు వెలుతురు ఇటు దిగుతోంది.

దీనికి పదికి ఎన్ని వేయను?
ఎవరి పేరు కింద వేయను?

గంట కొట్టాక మారెత్ గుమ్మం దగ్గర ఆగి
మరిచిపోయానంటూ చెప్పింది:
రాయడం అయ్యాక అహ్కు లేచి వెళ్ళి
వంటింట్లో లైటు వేయకుండానే
కుళాయి తిప్పి
రెండు గ్లాసులు తాగిందట,
నిలబడి.